లారీ సరాసరి వయసు

సూరపరాజు లారీకి గుండె ఆపరేషన్ చేస్తున్నారని, గుండె బయటికి తీసి గోనెపట్టా మీద పెట్టారని, మళ్ళీ లోపల పెట్టేసరికి లారీకి పదేళ్ళ వయసు తగ్గిపోతుందని పక్కింటి భూలోకమ్మ చెప్పిందట. ఎవరితో చెప్పిందంటే, రేషన్ బండి దగ్గర వరసలో నిలబడ్డ పదిమందితోనూ చెప్పిందట. ఆ పదిమందిలో ఒకావిడ నూకరత్నానికి చెప్పింది. నూకరత్నం రాత్రి అన్నం వడ్డిస్తూ మొగుడికి చెప్పింది.

"పదేళ్ళు తగ్గిపోద్దంట కదా. నాకూ ఓ అయిదేళ్ళు తగ్గించమని ఆ ఇంజను విప్పిన జిలానీ గారితో ఓ మాట అనలేకపోయేరా?" అంది.

"నీకెందుకే, నీ ఇంజను బానే ఉందిగా" అన్నాడు సూరపరాజు.

"బాగుండబట్టే చీటీ పాడి డబ్బు తెచ్చి మీ చేతిలో పెట్టేను. చారు పొయ్యనా?"

భూలోకమ్మ చెప్పినదాంట్లో అబద్ధం పెద్దగా లేదు. గోనెపట్టా నిజం, గుండె నిజం. వయసు మాట ఒక్కటే తేడా. ఇంజను విప్పి బాగుచేస్తే లారీకి సత్తువ వస్తుంది గాని వయసు ఎలా తగ్గుతుందని సూరపరాజు నవ్వుకున్నాడు. లారీ వయసుని ప్రభుత్వం ఎలా లెక్కేస్తుందో అప్పటికి అతనికి తెలియదు.

ఆ లారీకి ఇరవై ఏడేళ్ళు. సూరపరాజు దాన్ని కొన్నప్పుడు అతని మీసం నల్లగా ఉండేది. కోనసీమ కొబ్బరికాయలు గోదావరి అవతలి గొడౌన్లకి చేరేయడమే దాని పని, దాంతోపాటే అతని పనీ. ఏడాదిగా అది డీజిలుతో సమానంగా ఇంజనాయిలు తాగుతోంది. వంతెన ఎక్కేటప్పుడు వదిలే పొగకి వెనక వచ్చే మోటారు సైకిళ్ళవాళ్ళు సూరపరాజు వంశాన్నంతా తలుచుకుంటున్నారు. పైగా వచ్చే నెలాఖరుకి బండిని బ్రేకుకి పెట్టాలి. బ్రేకు ఇనస్పెక్టరు చూసి, బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఫిట్‌నెస్ కాగితం ఇవ్వాలి. కాగితం రాకపోతే బండిని తుక్కు యార్డుకి అప్పగించాలన్నది కొత్త నియమం. కొత్త లారీ కొనే తాహతు అతనికి లేదు. యాభై ఏడేళ్ళ వయసులో ఇంకొకడి లారీ మీద డ్రైవరుగా చేరే మనసూ లేదు.

అందుకని చీటీ డబ్బు పట్టుకుని మెకానిక్కు జిలానీ షెడ్డుకి వెళ్ళాడు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ళ స్నేహం. జిలానీ ఆ ఇంజనుని మూడు రోజులు విప్పి, రెండు రోజులు డీజిలుతో కడిగి, ఒక పూటంతా దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"బ్లాకు పగల్లేదురా. అదే నీ అదృష్టం" అన్నాడు చివరికి. "సిలిండర్లలో కొత్త లైనర్లు దించుదాం, పిస్టన్లు కొత్తవి వేద్దాం. అరిగిన క్రాంకు ఇరుసుని గ్రైండింగ్ చేయించి బేరింగులు మారుద్దాం. హెడ్డు ఫేసింగ్, వాల్వులు, డీజిలు పంపు. అక్కడికి నీ డబ్బులు సరి."

"వంతెన మీద కొంచెం లాగేటట్టు కూడా చెయ్యరా. ప్రతీ సైకిలూ నన్ను దాటిపోతంది."

"ఓ యాక్సిడెంటు బండి టర్బో ఉంది నా దగ్గర. తొమ్మిదేళ్ళది. పాడవలేదు. అది తగిలిస్తే ఇంజనులోకి గాలి ఎక్కువ నెడుద్ది, బలం వస్తది. కొంచెమే పెడతాను. పాత బ్లాకు, మరీ ఆశపడితే మధ్యకి చీలిపోద్ది. రేడియేటరు ఒక వరస లావుది వేద్దాం, వేడెక్కకుండా."

"ఎంత పెరుగుద్ది?"

"రాక్షసుడవ్వదు. నీరసం పోద్ది."

మూడు వారాలు పట్టింది. స్టార్టు చేసిన రోజున జిలానీ టీ గ్లాసు తీసుకెళ్ళి ఇంజను మూత మీద పెట్టాడు. గ్లాసులో టీ వణికింది గాని అంచు దాటి ఒలకలేదు. వెనక గొట్టం దగ్గర సూరపరాజు తెల్ల తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. తువ్వాలు తెల్లగానే ఉంది. ఆ తువ్వాలుతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ మర్నాడే లారీని కడిగి, నిమ్మకాయలు కట్టి, జిలానీని పక్కన కూర్చోబెట్టుకుని టౌనులో ఆఫీసుకి తోలుకెళ్ళాడు.

ఆఫీసు గేటుకి ఒక పెద్ద గుడ్డ కట్టి ఉంది. "యవ్వన రహదారుల మహోద్యమం: మన రోడ్డు, మన కుర్రబండి" అని రాసి ఉంది. దాని కింద పరాంకుశం గారి నవ్వుమొహం. పరాంకుశం గారు ఈ ఉద్యమానికి స్పెషలాఫీసరు. ఆయన ఏదో సదస్సుకి వెళ్ళి, వాహనాల వయసుని పుట్టిన సంవత్సరాన్ని బట్టి లెక్కెయ్యడం అశాస్త్రీయమని కనిపెట్టి వచ్చారు. ఒక్కో భాగం బరువుని దాని వయసుతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే వచ్చేదే అసలు వయసు. దానికి సరాసరి వయసు అని పేరు పెట్టారు. సరాసరి పదిహేనేళ్ళ లోపు ఉంటే బండి రోడ్డెక్కుతుంది. దాటితే తుక్కు.

బ్రేకు ఇనస్పెక్టరు చక్రధర్ కుర్రవాడు, మర్యాదస్తుడు. బల్ల మీద కాటా, క్యాలికులేటరు, పదహారు పేజీల ఫారం పెట్టుకుని కూర్చున్నాడు.

"పిస్టన్ల జన్మతేదీ?" అన్నాడు.

"ఏటండీ?"

"ఎప్పుడు తయారయ్యాయని."

జిలానీ బిల్లులు తీసి ఇచ్చాడు. చక్రధర్ ఒక్కో బిల్లూ చూసి వయసు వేశాడు. పిస్టన్లు రెండు నెలలు. బేరింగులు నెలన్నర. టర్బో తొమ్మిదేళ్ళు. క్రాంకు దగ్గర కలం ఆగింది.

"దీన్ని గ్రైండింగ్ చేశారు కదా. అప్పుడు వయసు పెరిగినట్టా, తగ్గినట్టా?"

"అరిగిన మచ్చలు తీసేం సార్. నున్నగా ఉంది" అన్నాడు జిలానీ.

"ఎంత బరువు తగ్గింది?"

"మహా అయితే పావుకేజీ ఉంటదేమో."

"అంటే పావుకేజీ వృద్ధభారం తొలగినది" అని చక్రధర్ రాసుకున్నాడు. "మంచిదే. ఇలాగే మొత్తం క్రాంకు అరగదీసి ఉంటే ఇంకా మంచిది."

జిలానీ ఏదో అనబోయాడు. సూరపరాజు అతని మోకాలు నొక్కాడు.

"బాబూ, ఒకసారి ఇంజను స్టార్టు చేసి చూపించమంటారా? చెవి పెట్టి వినండి, పొగ చూడండి" అన్నాడు.

"ఫారంలో ధ్వనికి కాలమ్ లేదండి. పొగకి ఉండేది. యవ్వనంలో పొగ ఉండదు కాబట్టి ఆ కాలమ్ తీసేశారు."

లెక్క గంటన్నర నడిచింది. ఇంజను బ్లాకు బరువు, దాని ఇరవై ఏడేళ్ళు, చాసిస్ బరువు, దాని ఇరవై ఏడేళ్ళు కలిసి కొత్త పిస్టన్లని నుసి నుసి చేశాయి. ఆరేళ్ళ క్రితం కట్టించిన చెక్క బాడీ కాస్త ఆదుకుంది.

"ఇరవయ్యొక్క ఏళ్ళ రెండు నెలల పదమూడు రోజులు" అన్నాడు చక్రధర్. "ఇంకా ఆరేళ్ళు తగ్గాలండి. నెలాఖరు దాకా గడువుంది."

సూరపరాజు చేతులు కట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ నిలబడటం చూసి చక్రధర్‌కి జాలేసింది. గొంతు తగ్గించాడు.

"చూడండీ, పాత బరువు మీరు తియ్యలేరు. కొత్త బరువు కలపొచ్చుగా. కింద భాగించే అంకె పెరిగితే పైన వయసు దానంతటదే తగ్గుతుంది. రెండు టన్నుల పైచిలుకు కొత్త ఇనుము ఉంటే సరిపోతుంది."

"ఇనుము దేనికండీ?"

"దేనికీ కాదు. ఉండటానికి."

తిరిగి వచ్చే దారిలో వంతెన దగ్గర లారీ రెండో గేరులో కాదు, మూడో గేరులో ఎక్కింది. అది గమనించి కూడా ఇద్దరికీ సంతోషం రాలేదు.

"నీరసం పోగొట్టేను కదరా" అన్నాడు జిలానీ. "ఇప్పుడు దాని నెత్తిన రెండు టన్నుల ఇనుము మోపుతారంట. అంటే రెండు టన్నుల కాయలు తగ్గించి మోసుకోవాలి. ఏం చదివేడురా వాడు?"

"కాయితం కావాలి కదరా. ఆడెంత చదివితే మనకెందుకు" అన్నాడు సూరపరాజు.

రెండు టన్నుల ఇనుము కొనడానికి చీటీ డబ్బు మిగల్లేదు. ఇనప కొట్టు సేటుని బతిమాలి, ఇల్లు కట్టుకునేవాళ్ళ కోసం తెప్పించిన కొత్త చువ్వల్లోంచి రెండు టన్నుల ఒక వంద కేజీలు ఒక్క పూటకి అద్దెకి తెచ్చుకున్నాడు. వాటిని లారీకెత్తి ఆఫీసుకి తోలుకెళ్ళి లెక్క వేయిస్తే పద్నాలుగేళ్ళ పదకొండు నెలలు వచ్చింది. చక్రధర్ కలం తీశాడు. సూరపరాజు మనసులో అమ్మవారికి దండం పెట్టుకున్నాడు. అంతలో చక్రధర్ చేతిలో ఫోను మోగింది. చూసుకుని కలం జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడే వివరణ పత్రం వచ్చిందండి. వాహనములో అనివార్యముగా ఉండు సమస్త భారమును లెక్కించవలెను అని. డ్రైవరు లేకుండా వాహనం నడవదు కనక డ్రైవరు అనివార్యం. మీ బరువు, వయసు?"

"ఎనభై కేజీలు. యాభై ఏడు."

సూరపరాజుని కాటా ఎక్కించారు. అతని యాభై ఏడేళ్ళు లారీలోకి దిగి దాన్ని ముసలిదాన్ని చేశాయి. పదిహేనేళ్ళ నాలుగు నెలల ఇరవై నాలుగు రోజులు.

"మీరు కొంచెం సన్నబడితే..." అన్నాడు చక్రధర్.

"పోనీ కుర్ర డ్రైవర్ని పెట్టుకోనా?"

"లైసెన్సు వచ్చేదే పద్దెనిమిదికి కదండీ. పదిహేనుకి పైనున్న ఎవరు ఎక్కినా వయసు పెరుగుతుంది. రూలు ప్రకారం ఈ బండి ఎవరూ నడపకుండా ఉంటేనే మంచిది."

చువ్వలు తిరిగి సేటుకి అప్పగించి ఇంకాస్త ఎక్కువ ఇనుము అడుగుదామని వెళ్తే, అక్కడ ఇంకో నాలుగు లారీలు వరసలో ఉన్నాయి, అద్దె కూడా అతనికి అందనంత పెరిగింది. సేటు తెలివైనవాడు. వారం తిరక్కుండా ఆఫీసు ఎదురుగానే పందిరి వేసి, "వయసు తగ్గించు కొత్త ఇనుము అద్దెకు ఇవ్వబడును" అని బోర్డు కట్టాడు. ఒకే చువ్వలు పొద్దున పది లారీలకి, మధ్యాహ్నం పది లారీలకి యవ్వనం ఇచ్చి సాయంత్రం పందిట్లోకొచ్చి పడుకునేవి. పేపర్లో పరాంకుశం గారి ప్రకటన వచ్చింది: ఉద్యమ ఫలితంగా మండలంలో లారీల సగటు వయసు ఒక్క వారంలో ఏడేళ్ళు తగ్గిందనీ, ఇది దేశానికే ఆదర్శమనీ. ఆ ప్రకటన పక్కనే, వానకి తడిసి చువ్వలు తుప్పుపట్టాయనీ, తుప్పుపట్టిన ఇనుము యవ్వనముగా పరిగణింపబడదనీ ఇంకో ప్రకటన కూడా ఉంది. మూడోరోజుకి అద్దె ఇనుము మొత్తం రద్దయింది. వృత్తిరీత్యా వహించు సరుకు మాత్రమే భారముగా పరిగణింపబడునన్నారు.

ఆ ముక్క పేపర్లో చదివి నూకరత్నం కాగితం మడిచింది.

"వృత్తిరీత్యా వహించే సరుకంటే కాయలే కదండీ?"

"అవునే."

"కొబ్బరికాయకి ఎంత వయసుంటది?"

సూరపరాజు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"పువ్వు దగ్గర్నుంచి లెక్కేస్తే ఏడాది" అన్నాడు.

మర్నాడు తొమ్మిది టన్నుల కాయలతో లారీ ఆఫీసు ఆవరణలోకి వచ్చింది. చక్రధర్ లోడు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక కాయ తీసి ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఇంజను విననివాడు కాయ విన్నాడు. లెక్క వేశాడు. సూరపరాజుని కూడా కలిపే వేశాడు.

"ఎనిమిదేళ్ళ అయిదు నెలల ఇరవై ఏడు రోజులు" అని లేచి నిలబడి చెయ్యిచ్చాడు. "అభినందనలండి. ఈ నెలలో వచ్చిన బళ్ళన్నిటిలోకీ మీదే చిన్నది."

కాగితం చేతిలో పడ్డాక సూరపరాజు దాన్ని మూడుసార్లు చదివాడు. కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. "ఈ యోగ్యత లోడు ఉన్నంతవరకే చెల్లును. వాహనము ఖాళీ అయిన తక్షణము ఇరవయ్యొక్క సంవత్సరముల వయస్సు పునః ప్రాప్తించును. ఆ స్థితిలో రహదారిపై సంచరించిన యెడల స్వాధీనపరచుకొనబడును."

"అంటే ఏటండీ ఇది?"

"లోడుతో ఉన్నప్పుడు మీ బండి బాల్యంలో ఉంటుంది. లోడు దింపగానే వార్ధక్యం వస్తుంది" అన్నాడు చక్రధర్.

"లోడు దింపకపోతే కిరాయి ఎవడిత్తాడు బాబూ?"

"దింపండి. దింపిన చోటే ఇంకో లోడు ఎత్తండి. ఖాళీగా మాత్రం తిరక్కండి."

గోదావరి అవతలి గొడౌన్లో కాయలు దింపుతున్నంతసేపూ సూరపరాజు లారీని చూస్తూనే ఉన్నాడు. బస్తా బస్తాకీ అది ముసలిదవుతోంది. ఆఖరి కాయ దిగేసరికి గొడౌను గుమస్తా వచ్చి, ఏవండీ, ముసలి బండి మా ఆవరణలో ఉంచకూడదంట, తీసెయ్యండి అన్నాడు. తియ్యాలంటే రోడ్డెక్కాలి. రోడ్డెక్కాలంటే లోడుండాలి. దగ్గరలో తిరుగు లోడు కింద దొరికేది ఒక్కటే. ఊళ్ళో స్కూలు గోడ కట్టడానికి పంచాయతీవాళ్ళు ఇసుక అడుగుతున్నారు. ఏటి ఒడ్డున ఇసుక ర్యాంపులో రసీదు రాయించుకుని తొమ్మిది టన్నుల ఇసుక ఎత్తుకున్నాడు. వంతెన మీద లారీ హుషారుగా ఎక్కింది. ఇంకో పది నిమిషాల్లో ఇవతలి ఒడ్డు.

వంతెన చివర చక్రధర్ నిలబడి ఉన్నాడు. తనిఖీల వారం అట.

"లోడుంది కదా బాబూ" అన్నాడు సూరపరాజు నవ్వుతూ.

"ఉందండి. రసీదూ ఉంది. ఇసుక వయసెంత?"

సూరపరాజు నవ్వు అలాగే ఉండిపోయింది. "పొద్దున్నే ఎత్తేనండి."

"ఎత్తినదెప్పుడని కాదు. పుట్టినదెప్పుడని."

చక్రధర్ తప్పు చేసే మనిషి కాదు. ఊహించి రాయడు. అక్కడే నిలబడి డిగ్రీ కాలేజీ భూగర్భశాస్త్రం లెక్చరరుకి ఫోను చేశాడు. లెక్చరరు గారు రాయి పొడి కావడానికి పట్టే కాలం దగ్గర్నుంచీ చాలా విషయాలు చెప్పి, ఖచ్చితంగా చెప్పలేనుగాని ఇరవై లక్షల ఏళ్ళకి తక్కువుండదు అన్నారట. చక్రధర్ క్యాలికులేటరు తీశాడు. అంకెలు పట్టక రెండుసార్లు మళ్ళీ వేశాడు.

"మీ లారీ వయసు పన్నెండు లక్షల డెబ్బై ఎనిమిది వేల ఏళ్ళు" అన్నాడు. ఎంతో బాధగా అన్నాడు. "నేనేం చెయ్యలేనండి. ఇది మనుషులు పుట్టకముందు బండి."

ఊళ్ళో ఈ సంగతి భూలోకమ్మ చెప్పకముందే అందరికీ తెలిసిపోయింది. సూరపరాజు లారీని పట్టుకున్నారని ఎవరూ అనలేదు. తవ్వకాల్లో బయటపడిందని అన్నారు.

లారీ ఆఫీసు ఆవరణలో పంతొమ్మిది రోజులు ఉంది. ఇసుక మీద గడ్డి మొలిచింది. సూరపరాజు రోజూ వెళ్ళి, గేటు బయట నిలబడి చూసి, వచ్చేవాడు. కాయల షావుకారు రెండుసార్లు కబురు పెట్టి, మూడోసారి వేరే లారీ మాట్లాడుకున్నాడు. నూకరత్నం దెప్పడం కూడా మానేసింది. అది సూరపరాజుకి మరీ కష్టంగా ఉంది. నాలుగు మాటలంటే తనూ ఒకటనేవాడు.

ఇరవయ్యో రోజున పరాంకుశం గారు స్వయంగా విచారణకి వచ్చారు. ఆవరణలో షామియానా వేశారు. ఆయనకి పూలదండ వేశారు. ఆయన మాట్లాడితే ఉత్తరం చదివినట్టుండేది.

"ఈ వాహనము విషయమై పురావస్తు శాఖ వారి అభిప్రాయము కోరితిమి" అన్నారాయన. "లారీ పాతదేగాని అంత పాతది కాదని వారు సెలవిచ్చినారు. కావున ఇసుక అంశమును మానవతాదృష్టితో విస్మరించి, ఇసుకను దింపించుచున్నాము. తత్ఫలితముగా వాహనము పన్నెండు లక్షల చిల్లర సంవత్సరముల నుండి ఇరవయ్యొక్క సంవత్సరములకు దిగివచ్చినది. ఇంత స్వల్పకాలములో ఇంత యవ్వనము ఏ వాహనమునకూ ఉద్యమ చరిత్రలో లభించలేదు."

చప్పట్లు కొట్టారు.

"అయితే," అన్నారు పరాంకుశం గారు, "ఇరవయ్యొకటి పదిహేను కన్న ఎక్కువ. గడువు కూడా మీరినది. కావున తుక్కు."

సూరపరాజు చేతులు జోడించాడు. "బాబూ, మా ఆవిడ చీటీ డబ్బు మొత్తం ఆ ఇంజనులో పోసేనండి. అయిదేళ్ళ కుర్ర బళ్ళు దాని ముందు చాలవండి. ఇదొక్కటే ఆధారం. ఒక్కసారి..."

"సానుభూతి కలదు" అన్నారు పరాంకుశం గారు. "కాని సానుభూతికి సరాసరి లేదు. వాహనమును నేడే యార్డుకి తరలించవలెను. చక్రధర్, క్రేను పిలిపించండి."

చక్రధర్ నసిగాడు. ఉద్యమం కోసం కొత్తగా కొన్న క్రేను షెడ్డులోనే ఉంది. సరాసరి వయసు నాలుగు నెలలు. మెరిసిపోతోంది. ముందు రిబ్బను కట్టి ఉంది. ప్రారంభోత్సవానికి మంత్రిగారు తేదీ ఇవ్వలేదు. రిబ్బను కత్తిరించకుండా కదపకూడదు.

"యార్డు ఎంత దూరము?"

"తొంభై కిలోమీటర్లు సార్. మధ్యలో రెండు వంతెనలు."

పరాంకుశం గారు ఆలోచించి, సూరపరాజు వైపు ఆప్యాయంగా చూశారు. "తమరే తోలుకుపొండు. తమ బండి తమకు మాట వినును గదా."

"ముసలి బండి రోడ్డెక్కకూడదన్నారు కదండీ?" అన్నాడు వెనకనుంచి జిలానీ.

"అందులకు ప్రత్యేక ఏర్పాటు కలదు. తుది ప్రయాణ యోగ్యతాపత్రము. ఒక్క రోజుకి చెల్లును. చక్రధర్, పరీక్షించి ఇవ్వండి."

ఆ ఫారం పాతది. యవ్వన రహదారులు రాకముందు అచ్చయిన ఫారం. దాంట్లో వయసుకి కాలమ్ లేదు. ఇంజను, బ్రేకులు, పొగ, స్టీరింగు, లైట్లు అని ఉన్నాయి. చక్రధర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సూరపరాజుని తాళం అడిగాడు. లారీ ఎక్కి, మొదటిసారిగా ఇంజను స్టార్టు చేశాడు.

పంతొమ్మిది రోజులు ఎండలో వానలో ఉన్న బండి. ఒక్క దెబ్బకి అందుకుంది. చక్రధర్ ఆక్సిలేటరు నొక్కాడు. దిగి వెనక్కి వెళ్ళి పొగ కోసం వంగి చూశాడు. జేబురుమాలు గొట్టానికి అడ్డం పెట్టి, తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్ళీ ఎక్కి ఆవరణలో రెండు చుట్లు తిప్పి, బ్రేకు తొక్కాడు. గీత గీసినట్టు ఆగింది. చక్రధర్ మొహంలో ఏదో మారింది. కుర్రవాడు ఇంజనీరింగు చదివినవాడే. ఎప్పుడో క్లాసులో విన్నది గుర్తొచ్చినట్టు, ఇంజను మూత మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు. తరవాత దిగి, ఎవరివైపూ చూడకుండా బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపాడు.

పరాంకుశం గారు అందుకుని పైకి చదివారు.

"ఇంజను ఉత్తమము. పొగ లేదు. బ్రేకులు ఉత్తమము. పూర్తి లోడుతో ఎంత దూరమైనను ప్రయాణించుటకు యోగ్యము." ఆయన తల పంకించారు. "భేష్. మార్గమధ్యములో ఆగిపోవునను భయము లేదు. ఇదిగో, ఇక్కడ ఒక సంతకము చేసి, యార్డుకి తీసుకొనిపొండు."

కాగితం బల్ల మీద సూరపరాజు వైపు జరిపారు. పైన కలం పెట్టారు. సూరపరాజు ఇన్నాళ్ళూ ఆ ఆఫీసులో కూర్చోమన్నా కూర్చోని మనిషి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాగితం నెమ్మదిగా, కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు. తిరిగి ఆయన వైపే జరిపాడు.

"ఎంత దూరమైనా పోద్దని మీరే రాసేరు. అలాంటి బండిని తుక్కు ఎందుకు కొడతన్నారో అది కూడా దీని కిందే రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే తోలుకెళ్ళిపోతాను."

పరాంకుశం గారు కలం తీసుకున్నారు. మూత తీశారు. కారణం రాయడానికి కాలమ్ ఎక్కడుందా అని ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. బయట లారీ ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని ఆపాలన్న సంగతి చక్రధర్‌కి తోచలేదు.